ఇంటి షెడ్డులో కారు బాడీ రేకు పని మొదలుపెట్టాలంటే ముందు ఏం కొనాలి, ఏం కొనకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. కరీంనగర్లో ఇంటి వెనక 13 అడుగుల వెడల్పు 22 అడుగుల పొడుగు షెడ్డు ఉంది, నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని కారు ఉంది, దాని ముందు మడ్‌గార్డులు కింద తుప్పు తినేసింది, ఫ్లోరు కూడా అంతే, ఇవి నీ చేత్తో నువ్వే చేసుకోవాలి, ఎప్పటికైనా ఒక ఓపెన్ టాప్ బాడీ మొత్తం సొంతంగా కొట్టాలని కూడా ఉంది, చేతిలో రెండున్నర లక్షలు ఉన్నాయి, ఇంగ్లిష్ వీల్ (రెండు చక్రాల మధ్య రేకుని నడిపి సాగదీసే మిషన్) ముందు కొనాలా ప్లానిషింగ్ హ్యామర్ (వరసగా చిన్న చిన్న దెబ్బలు కొట్టే మిషన్ సుత్తి) ముందు కొనాలా, వెల్డింగ్ మిగ్ (వైరు దానంతటదే వస్తా కరిగేది) అయితే మంచిదా టిగ్ (టంగ్‌స్టన్ ముల్లుతో వేడి పుట్టించేది) అయితే మంచిదా అన్నావు.

నేను పదో తరగతి అయ్యాక 1996లో విజయవాడ ఆటోనగర్లో లారీ క్యాబిన్లు కట్టే షెడ్డులో చేరా, ఆ తర్వాత తొమ్మిదేళ్ళు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత కార్ల పని, 2014 నించి కంకిపాడు దగ్గర మా ఇంటి వెనకే సొంత షెడ్డు. నాది 14 బై 24, అంటే నీదాని కంటే ఒక చెయ్యి ఎక్కువ అంతే. కాబట్టి నీ చోట్లో ఏం పడుద్దో ఏం పట్టదో నాకు బాగా తెలుసు.

నా సమాధానం, ఇంగ్లిష్ వీలూ వద్దు ప్లానిషింగ్ హ్యామరూ వద్దు, మొదటి ఆరునెలలు రేకుని సాగదీసే మిషన్ ఏదీ కొనమాక. ఒక చెక్క మొద్దు, ఒక ఇసక సంచి, నాలుగు సుత్తులు, మూడు డాలీలు అంటే రేకు వెనక ఆనించే ఇనప దిమ్మలు, మంచి రేకు కత్తెరలు, మంచి వెల్డింగ్ సెట్టు, ఇవి చాలు. ఇది డబ్బులు మిగలాలని చెప్పే మాట అనుకోకు, ముందే మిషన్ కొన్నవాళ్ళలో ఎక్కువమంది పని నేర్చుకోలేదు, నా కళ్ళారా చూశా కాబట్టి చెప్తున్నా. ఎందుకో చెప్తా.

రేకు చేసేవి మూడే పనులు, వంగుద్ది, సాగుద్ది, ముడుచుకుంటది. వంచడం ఎవరైనా చేస్తారు, రెండు యాంగిల్ ముక్కల మధ్య బిగించి కొడితే వంగుద్ది. సాగడం అంటే సుత్తి దెబ్బకి రేకు పల్చబడి ఆ చోట వైశాల్యం పెరగడం, అందుకే మధ్యలో కొడితే పూరీ పొంగినట్టు పొంగుద్ది. ముడుచుకోవడం దీనికి తిరగేసి, అంచు దగ్గర ఉన్న ఎక్కువ రేకుని దగ్గరకి చేర్చి దానిలోకే దాన్ని కొట్టడం, అక్కడ మందం పెరుగుద్ది వైశాల్యం తగ్గుద్ది. కారు మీద గుండ్రంగా కనపడే ఏ ముక్కైనా సరే, మడ్‌గార్డ్ గానీ డిక్కీ మూల గానీ హెడ్‌లైటు చుట్టూ ఉండే భాగం గానీ, ఎక్కడో సాగదీశారు ఎక్కడో ముడిచారు. ఫ్యాక్టరీలో ప్రెస్సు ఒక్క దెబ్బలో చేస్తది, మనం వెయ్యి దెబ్బల్లో చేస్తాం.

ఎక్కడ సాగాలో ఎక్కడ ముడవాలో కళ్ళకి కనపడాలంటే ఒక పని చెయ్యి. ఇంట్లో బిందె తీసుకో, దాని మీద న్యూస్‌పేపర్ ముక్క పరిచి చేత్తో అద్దు. అంచులో కాగితం కుచ్చిళ్ళు పడుద్ది కదా, అక్కడ రేకు ముడుచుకోవాలన్నమాట. ఇప్పుడు బిందె మెడ దగ్గర, లోపలికి నొక్కుకుపోయిన చోట అదే కాగితం పెట్టు, అంచు చాలక చిరుగుద్ది, అక్కడ రేకు సాగాలి. పద్మిని మడ్‌గార్డ్ మీద కూడా అచ్చం ఇంతే, నేను ఇప్పటికీ ప్రతి ముక్కకీ ముందు కాగితం వేసి కుచ్చిళ్ళు పడ్డ చోట మార్కర్‌తో ఒక గుర్తు, చిరిగిన చోట ఇంకో గుర్తు పెట్టుకున్నాకే రేకు కోస్తా. ఇంగ్లిష్ వీల్ చేసేది సాగదీయడం, నునుపు చెయ్యడం, అంతే, ముడవడం దానికి రాదు. నీ మడ్‌గార్డ్ కింద మూలకి కావాల్సింది ముడవడం. మరి ముందే వీల్ కొని ఏం చేస్తావు?

నేనూ ఆ తప్పు చేశా. షార్జా నించి రాగానే తక్కువలో వస్తుందని ఒక వీల్ తెప్పించా, ఫ్రేము పల్చటి పైపుతో చేసింది, ఒత్తిడి పెంచగానే పై చక్రం కింద చక్రం ఒకదానికొకటి తప్పుకునేవి, రేకు మీద పట్టాలు పడ్డట్టు గీతలు. మూడేళ్ళు ప్లాస్టిక్ కవర్ కింద పడుంది. చివరికి 100 బై 100 బాక్స్ పైపు, 6 మిల్లీమీటర్ల మందంది తీసుకుని ఫ్రేము నేనే కట్టి చక్రాలు మాత్రం దానివి పెట్టుకున్నా, ఇప్పుడు బంగారంలా ఉంది. వీల్లో ప్రాణం అంతా ఫ్రేము గట్టితనంలోనే ఉంటది, నువ్వు కూడా వెల్డింగ్ చెయ్యి కుదిరాక ఒక ఏడాదికి ఫ్రేము నువ్వే కట్టుకో.

ఇక మొద్దు సంగతి. మాంసం కొట్టేవాళ్ళు వాడే చింత మొద్దు చూశావు కదా, అదే కావాలి, చింతకి చీలిక త్వరగా రాదు. దొరక్కపోతే తుమ్మ. అడ్డంగా కోసింది, నిలబెడితే నీ తొడ మధ్యకి వచ్చే ఎత్తు, అడుగున్నర వ్యాసం ఉంటే మంచిది. టింబర్ డిపోలో అడిగితే ఇస్తారు, పచ్చిది అయితే తల మీద ఫెవికాల్ పూసి నీడలో రెండు మూడు నెలలు ఆరనియ్యి, ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. తల మీద ఒక పక్కన అయిదు అంగుళాల వెడల్పు, అంగుళం లోతున గిన్నెలాంటి గుంట తవ్వుకో, ఉలితో సగం, మిగతాది గ్రైండర్‌కి ముతక ఫ్లాప్ డిస్క్ పెట్టి చేసుకోవచ్చు. ఇంకో పక్కన చిన్నది, మూడంగుళాలది. ఆ గుంట అంచు మీదే నువ్వు నేర్చుకునే సగం విద్య ఉంది.

ఇసక సంచి తోలుది అయితే మంచిదే గానీ దొరక్కపోతే లారీ మీద కప్పే మందపాటి కాన్వాస్ రెండు పొరలు వేసి టార్పాలిన్ కుట్టే వాళ్ళ దగ్గర 14 అంగుళాల గుండ్రంగా కుట్టించుకో. ఇసక బాగా జల్లించి, ఎండబెట్టి, ముప్పాతిక వంతే నింపు, గట్టిగా నింపితే దెబ్బకి జరగదు.

సుత్తుల్లో ముందు చెక్కది, కోడిగుడ్డు మూతిలా ఒక పక్క గుండ్రంగా ఇంకో పక్క కొంచెం చదునుగా, తుమ్మ చెక్కతో లేత్ ఉన్న వడ్రంగి చేసిస్తాడు. తర్వాత డెంటింగ్ సుత్తులు రెండు, ఒకటి చదును మొహం, ఒకటి కొంచెం ఉబ్బు మొహం. కొనగానే వాటి మొహాలు 400 నంబరు కాగితం నించి 1000 దాకా రుద్ది అద్దంలా పాలిష్ చెయ్యి, సుత్తి మొహం మీద చిన్న గీత ఉన్నా ఆ గీత ప్రతి దెబ్బకీ రేకు మీద అచ్చు పడుద్ది, తర్వాత దాన్ని తియ్యడానికి నీకు గంటలు పడుద్ది. ఆ సుత్తితో మేకు కొట్టమాక, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వమాక. నాలుగోది స్లాపర్, పాత కమాను పట్టా ముక్క వంచి పిడి చుట్టుకుంటే అదే స్లాపర్. డాలీలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సెట్టుగా దొరుకుతాయి. రైలు పట్టా ముక్క మంచి దాకలిలా పనికొస్తది అని చాలామంది చెప్తారు, నిజమే పనికొస్తది, కానీ బిల్లు లేకుండా పాత సామాన్ల కొట్లో తెచ్చుకోమాక, రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నించీ ప్రత్యేకంగా చట్టమే ఉంది, ఒక ఇనప ముక్క కోసం ఆ తలనొప్పి ఎందుకు. 40 మిల్లీమీటర్ల ఇనప దిమ్మ ఒకటి కోయించుకో సరిపోద్ది.

ఇవి వచ్చాక కారు జోలికి వెళ్ళకు. ఒక మిల్లీమీటరు రేకులో 10 అంగుళాల బిళ్ళలు ఓ డజను కోసుకో, అంచులు ఫైల్ చెయ్యి, లేకపోతే చేతులు తెగుతాయి, పైగా అంచులో గాటు ఉంటే అక్కడినించే చీలుద్ది. ఒక్కో బిళ్ళతో ఒక్కో గిన్నె కొట్టు. బిళ్ళ అంచుని మొద్దు గుంట మీద ఆనించి గుడ్డు మూతి చెక్క సుత్తితో అంచుకి ఒక అంగుళం లోపల కొట్టుకుంటా చుట్టూ రా. రెండో చుట్టుకి అంచు అలలు అలలుగా లేస్తది, భయపడకు, అదే కావాలి, అవే కాగితం మీద పడ్డ కుచ్చిళ్ళు. ఇప్పుడు ఆ అల విప్పుకోకుండా, దాని రెండు పక్కలా గుంటలోకి దిగి ఉండేలా బిళ్ళ పట్టుకుని, అల మీద మెల్లగా కొట్టు, రేకు పక్కకి పోడానికి దారి లేక దానిలోకే అది పోద్ది. చేతికి తెలుస్తది, అంతకు ముందు టంగుమనే చప్పుడు కాస్తా మందంగా మారుద్ది. తొందరపడి గట్టిగా కొడితే అల మడతై మడత మీద మడత పడుద్ది, ఆ బిళ్ళ పోయినట్టే, అక్కడ చీలుద్ది, పక్కన పడేసి ఇంకోటి తీసుకో. నాకు మొదటి మంచి గిన్నె రావడానికి పదకొండు బిళ్ళలు పట్టింది, అప్పటికే నాకు లారీ రేకు పని నాలుగేళ్ళ అనుభవం.

ఇది మనకి కొత్త విద్య కూడా కాదు. అజ్జరంలో ఇత్తడి సామాను కొట్టే వాళ్ళ చెయ్యి చూడు, నీకు దగ్గర అంటే జనగామ పక్కన పెంబర్తి, హైదరాబాద్ వరంగల్ రోడ్డు మీదే, అక్కడ గుళ్ళకి ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టే పనివాళ్ళు ఉన్నారు. ఒక రోజు వెళ్ళి అడిగి కూర్చుని చూడు. రేకు గట్టిపడగానే కాల్చి మళ్ళీ మెత్తబరచడం, ఒకే చోట పది దెబ్బలు కాకుండా పది చోట్ల ఒక్కో దెబ్బ వెయ్యడం, ఇవి ఏ వీడియో కంటే బాగా అక్కడ అర్థమవుతాయి. ఇనప రేకు ఇత్తడి కంటే మొండిది అంతే, పద్ధతి ఒకటే.

రేకు కొనేటప్పుడు "మంచి షీట్ ఇవ్వండి" అనమాక. సీఆర్ అంటే కోల్డ్ రోల్డ్, ఆ షీట్లలో ఐఎస్ 513 అనే భారతీయ ప్రమాణం ప్రకారం గ్రేడులు ఉంటాయి, సీఆర్ 1 మామూలు వాడకానికి, సీఆర్ 2 డ్రాయింగ్‌కి అంటే రేకుని గుంటలా లాగడానికి, సీఆర్ 3 డీప్ డ్రాయింగ్‌కి, సీఆర్ 4 ఇంకా లోతుగా లాగడానికి. గిన్నెలకీ మడ్‌గార్డ్‌కీ సీఆర్ 3 గానీ 4 గానీ అడుగు, కొట్టువాడు డీడీ, ఈడీడీ అంటాడు, అవే. ఫ్లోరుకి సీఆర్ 1 చాలు, అక్కడ 18 గేజి అంటే 1.2 మిల్లీమీటర్లు, పైన కనపడే ప్యానెళ్ళకి 20 గేజి, అంటే 0.9. ఒక మిల్లీమీటర్ది ఎనిమిది బై నాలుగు షీటు 23 కిలోల పైన ఉంటది, ఆటోలో తెస్తే వంగిపోద్ది, కొట్లోనే రెండు ముక్కలు చేయించుకో. జీఐ షీట్ తేమాక, దాని మీద జింక్ పూత వెల్డింగ్ వేడికి పొగై పోద్ది, పీలిస్తే రాత్రికి చలీ జ్వరం పట్టుకుంటది. ఇంకోటి, సీఆర్ షీటు వానాకాలంలో ఒక్క రాత్రికి ఎర్రబడుద్ది, తెచ్చిన రోజే నూనె గుడ్డతో తుడిచి నేలకి ఆనకుండా చెక్కల మీద నిలబెట్టు.

ఇప్పుడు వెల్డింగ్. ఇక్కడ పిసినారితనం వద్దు, నీ డబ్బులో రూపాయికి నలభై పైసలు ఇక్కడే పెట్టు, సెట్టు, గ్యాసు, వెల్డింగ్ వెలుగుకి దానంతటదే నల్లబడే ఆటో డార్క్ హెల్మెట్ అన్నీ కలిపి. ఇరవై పైసలు కరెంటు లైన్, లైట్లు, మంటలార్పే సిలిండర్ లాంటి వాటికి, ఇరవై చేతి సామానుకీ గ్రైండర్‌కీ, మిగతా ఇరవై రేకుకీ పాడుచేసే రేకుకీ. పాడవుద్ది, దానికి డబ్బు ముందే పక్కన పెట్టుకుంటే మనసు చిన్నబుచ్చుకోదు.

మిగ్గా టిగ్గా అంటే, నీ కారుకి రెండూ కావాలి కానీ వరసలో. ముందు మిగ్ కొను, ఎందుకంటే నువ్వు ముందు చెయ్యాల్సింది ఫ్లోరు, పాత ఫ్లోరు ఎంత రుద్దినా కొంచెం తుప్పు, కొంచెం పాత తారు ఉండనే ఉంటది, టిగ్‌కి అది అస్సలు పడదు, ప్రతి అంగుళానికీ టంగ్‌స్టన్ మళ్ళీ అరగదీసుకోవాల్సి వస్తది. మిగ్ కాస్త ఓర్చుకుంటది. పైగా ఫ్లోరు ఎవరికీ కనపడదు, నీ చెయ్యి అక్కడ కుదురుద్ది. 0.8 వైరు, దొరికితే 0.6, ఆర్గాన్ 80 కార్బన్ డయాక్సైడ్ 20 కలిపిన గ్యాసు. వట్టి సీఓటూ చవకే, నడుస్తది, కానీ చిటపటలు ఎక్కువ, పల్చటి రేకుకి మొరటు.

మడ్‌గార్డ్ దాకా వచ్చేసరికి టిగ్ తీసుకో, డీసీ చాలు, టంగ్‌స్టన్ రేకుకి తాకించకుండానే ఆర్క్ పుట్టించే హెచ్ఎఫ్ స్టార్ట్, కరెంటు పెంచి తగ్గించే కాలి పెడల్ ఉండాలి. ఏసీ కావాల్సింది అల్యూమినియం పని మొదలెట్టినప్పుడే. పైన ప్యానెల్‌కి టిగ్ ఎందుకంటే మిగ్ వెల్డ్ గట్టిగా, ఉబ్బుగా ఉంటది, సుత్తికి లొంగదు, టిగ్ వెల్డ్ మెత్తగా ఉండి డాలీ మీద పెట్టి కొడితే రేకుతో పాటే సాగుద్ది. ఒక మిల్లీమీటర్ రేకుకి 1.6 టంగ్‌స్టన్, 30 నించి 40 ఆంపులు, గ్యాసు నిమిషానికి ఆరు నించి ఎనిమిది లీటర్లు, ఇక్కడ మొదలెట్టి నీ చెయ్యి బట్టి మార్చుకో.

వెల్డింగ్‌లో కొత్తవాళ్ళందరూ దెబ్బతినే చోటు ఒకటుంది, జాగ్రత్తగా చదువు. వెల్డ్ వేసిన గీత చల్లారేటప్పుడు ముడుచుకుంటది. అప్పటిదాకా చక్కగా ఉన్న ప్యానెల్ ఆ గీత వెంబడి లోపలికి లాక్కుపోయి పక్కన అలలు లేస్తాయి. చాలామంది ఆ అలల మీద కొడతారు, కొట్టిన కొద్దీ ఇంకా సాగి ఇంకా లేస్తాయి, చివరికి లప్పం వేసి మూస్తారు. తప్పు అలల్లో లేదు, గీతలో ఉంది. గీతని రెండు వైపులా ఎత్తు తగ్గించి, వెనక డాలీ ఆనించి, గీత మీదే, గీత మీద మాత్రమే వరసగా కొట్టుకుంటా పో, ముడుచుకున్నది మళ్ళీ సాగి అలలు వాటంతట అవే పడిపోతాయి. మొదటిసారి ఇది కళ్ళముందు జరిగినప్పుడు నాకు షార్జాలో ఒక పెద్దాయన చూపించాడు, అప్పటిదాకా ఎనిమిదేళ్ళు నేను తప్పు చోట కొట్టుకుంటా వచ్చానని ఆ రోజు తెలిసింది.

అందుకే అంచు మీద అంచు వేసి అతకమాక, రెండు అంచులూ ఎదురెదురుగా తాకించి అతుకు, ఒకదాని మీద ఒకటి ఉంటే డాలీ మీద సాగదు, మధ్యలో తడి చేరి రెండేళ్ళలో మళ్ళీ తుప్పు. అంచులు టిగ్‌కి అయితే వెంట్రుక కూడా దూరకూడదు, మిగ్‌కి అయితే వైరు మందం సందు ఉండాలి. అంగుళానికో వెల్డ్ చుక్క, ఆ తర్వాత సందుల మధ్యలో ఒక్కో చుక్క, ప్రతిసారీ దూరంగా ఉన్న చోటికి దూకుతా వెయ్యి, దానంతట అది చల్లారనియ్యి, తడి గుడ్డ పెట్టమాక. అతుకు గీత ప్యానెల్ చదును మధ్యలో రాకుండా మలుపు దగ్గరో లైను దగ్గరో వచ్చేలా చూసుకో, మలుపు దగ్గర రేకు గట్టిగా నిలబడుద్ది.

ఎక్కడైనా రేకు ఎక్కువ సాగి డబడబలాడుతుంటే ష్రింకింగ్ డిస్క్ అని ఉంటది, గ్రైండర్‌కి పెట్టే నున్నటి స్టీలు బిళ్ళ, అది రేకుని కొయ్యదు, ఎత్తుగా ఉన్న చోటుని మాత్రమే రాసుకుని వేడి చేస్తది, వెంటనే తడి గుడ్డ అద్దితే ఆ ఎత్తు ముడుచుకుంటది. వెల్డ్ గీతకి తడి వద్దన్నా కదా, ఇక్కడ మాత్రం తడే పని చేసేది. దాన్ని 7 అంగుళాల గ్రైండర్ మీద, అంచు నీ వైపు రాకుండా పట్టుకుని వాడు, అంచు కత్తిలా ఉంటది. ఇది ఒక్కటి మాత్రం మొదటి ఏడాదిలోనే కొను, చాలా చిన్న వస్తువు, చాలా పెద్ద పని.

ఫ్లోరు కోసే ముందు ఒక మాట. పద్మినికి లారీ లాగా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరూ, డోర్ల కింద పొడుగునా ఉండే సిల్లులూ కోస్తే కారు మధ్యలో కుంగుద్ది, తర్వాత డోర్లు పడవు. కాబట్టి డోర్లు సరిగ్గా పడుతున్నప్పుడే డోరు సందుల్లో ఐమూలగా, అడ్డంగా ఒక అంగుళం చదరపు పైపులు అతికేసి, ఒక పక్క పూర్తయ్యాకే ఇంకో పక్క కొయ్యి, రెండు పక్కలూ ఒకేసారి తెరవమాక. ప్రతి కోతకి ముందు డోరు సందులు కొలిచి గోడ మీద రాసిపెట్టుకో.

షెడ్డులో కారు ఎక్కడ పెట్టాలంటే, పద్మిని పొడుగు 13 అడుగుల లోపే, వెడల్పు అయిదు అడుగుల లోపే. 22 అడుగుల పొడుగు వెంబడి వెనక గోడకి దగ్గరగా పెడితే ముందు ఎనిమిది అడుగులు మిగులుద్ది, మొద్దు, వైస్ ఉన్న బల్ల అక్కడ. పక్కల మూడేసి అడుగులు నడవడానికి ఉంచినా ఇంకో రెండు అడుగులు మిగులుద్ది, అందులో రేకులు నిలబెట్టే స్టాండు. బల్లకి లాకు ఉన్న చక్రాలు పెట్టు. గోడకి నాలుగు అడుగుల ఎత్తులో ట్యూబులైటు ఒకటి అడ్డంగా పెట్టు, పైనించి పడే వెలుతురులో రేకు అంతా చదునుగానే కనపడుద్ది, పక్కనించి పడే వెలుతురు గీత రేకు మీద వంకరపోయిన చోటే ఎత్తో పల్లమో ఉంది. వెల్డింగ్ చేసేటప్పుడు ఫ్యాను ఆపెయ్యి, గాలికి గ్యాసు చెదిరితే వెల్డ్ జల్లెడ అయిపోద్ది, కానీ పొగ పోడానికి దూరంగా ఎగ్జాస్ట్ ఉండాలి.

కరెంటు ఇంటి ప్లగ్గులోనించి లాగమాక. మీటర్ నించి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, లోడు ఎక్కువైతే పడిపోయే 32 ఆంపుల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, మంచి ఎర్త్. నీ సాంక్షన్డ్ లోడ్ ఎంతో బిల్లు మీద చూసి కరెంటాఫీసులో పెంచుకో. చప్పుడు సంగతి, నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నించి పొద్దున ఆరు దాకా 45, ఇవి 2000 సంవత్సరం రూల్స్. రేకు మీద సుత్తి దెబ్బ షెడ్డులో దానికి ఎంతో ఎక్కువ, కాబట్టి ఇరుగుపొరుగు వాళ్ళకి ముందే చెప్పి, మధ్యాహ్నం నిద్రపోయే టైమూ పిల్లల పరీక్షల టైమూ వదిలెయ్యి. నీ చెవులకి ఇయర్ మఫ్‌లు, మొదటి రోజు నించే. నాకు కుడి చెవి ఇప్పుడు సగమే వినపడుద్ది, ఆటోనగర్లో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

మంట గురించి నాకు జరిగింది చెప్తా. 2016లో ఒక అంబాసిడర్ ఫ్లోరు వెల్డ్ చేసి అన్నానికి ఇంట్లోకి వెళ్ళా. సీటు కింద కార్పెట్ తీశా గానీ దాని కింద అతికిన పాత ఫెల్ట్ ముక్క ఒకటి ఫ్లోరుకి అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ వెనక మిగిలిపోయింది, అది మంట లేకుండా లోపల్లోపల రాజుకుంది. అరగంటకి మా ఆవిడ పొగ వాసన అంటే పరిగెత్తా. కారు దక్కింది, వైరింగ్ మొత్తం పోయింది, వాళ్ళకి నా డబ్బుతో వేయించి ఇచ్చా. అప్పట్నించి వెల్డింగ్ ఆపాక గంట దాకా షెడ్డు వదలను, 6 కిలోల డ్రై పౌడర్ సిలిండర్ గుమ్మం దగ్గర ఉంటది, లోపల మూలన కాదు, గుమ్మం దగ్గర. పెట్రోల్ ట్యాంకు షెడ్డులోనించే తీసేసి బయట పెట్టు, ఖాళీ ట్యాంకు నిండు దానికంటే ప్రమాదం, దాని మీద వెల్డింగ్ ఎవరు చెప్పినా చెయ్యమాక. బ్యాటరీ తీసెయ్యి. గ్రైండర్‌కి గార్డు తియ్యమాక, మెళ్ళో కండువా, చేతికి వదులు గుడ్డ గ్లోవ్స్ ఉండగా గ్రైండర్ పట్టుకోమాక. హెల్మెట్ లేకుండా ఒక్క చుక్కేగా అని వేస్తే అర్ధరాత్రి కళ్ళల్లో ఇసక పోసినట్టు మంట లేస్తది, బంగాళాదుంప ముక్కలూ అవీ పెట్టకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

సొంత బాడీ కట్టాలన్న నీ కోరిక గురించి ఒక్కటి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా గట్టిగా చెప్పింది. తుప్పు పట్టిన మడ్‌గార్డ్ స్థానంలో అదే ఆకారంలో కొత్తది వెయ్యడం రిపేరు, దానికి ఇబ్బంది లేదు. పద్మిని కప్పు కోసేసి ఓపెన్ టాప్ చేస్తే మాత్రం రోడ్డు మీదకి రాదు, పైగా కప్పు పోతే బాడీ బలం చాలా పోద్ది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ కూడా 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బళ్ళకే, నాన్నగారి కారుకి ఆ వయసు 2036లో వస్తది, అప్పటిదాకా దాన్ని ఉన్నదున్నట్టు కాపాడుకో. ఓపెన్ బాడీ కోసం విడిగా చదరపు పైపుతో ఫ్రేము కట్టుకుని దాని మీద అల్యూమినియంతో కొట్టు, షోలో పెట్టుకోవడానికి, నేర్చుకోవడానికి. అది ఇంకో రోజు రాస్తా, అల్యూమినియం కాల్చడం విడిగా చెప్పాల్సిన సంగతి.

ఇప్పటికి మొద్దు చూసుకో, బిళ్ళలు కోసుకో. నాలుగో గిన్నె, ఎనిమిదో గిన్నె, పన్నెండో గిన్నె ఫోటోలు పెట్టు, బాగా రానివి కూడా. ట్యూబులైటు వెలుతురు పక్కనించి అడ్డంగా పడేలా, గిన్నె అంచు మొత్తం కనపడేలా తియ్యి, నీ మడత ఎక్కడ మీద మీద పడుతుందో నేను చూసి చెప్తా.